గులాబీరంగు ఆదివారం

కథోలిక గురువులు గులాబీరంగు పూజావస్త్రం వేసుకునేది ఏడాదిలో రెండు ఆదివారాలే. ఒకటి తపస్సుకాలంలో, ఇంకొకటి క్రిస్మస్‌కు ముందు ఆగమనకాలంలో వస్తుంది. ఆగమనకాలపు ఆదివారాన్ని చూడాలని 2025 డిసెంబరు 14న అనకాపల్లిలో ఒక చర్చికి వెళ్లాను.

చలి ఇంకా వదల్లేదు. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని ఒకవైపు, మగవాళ్లు మరోవైపు చాపలమీద కూర్చున్నారు. పీఠం పక్కన స్టూలు మీద వెదురుబద్దతో చుట్టిన వలయం ఉంది. దానికి సరుగుడు కొమ్మలు దగ్గరదగ్గరగా కట్టారు. మధ్యలో నాలుగు కొవ్వొత్తులున్నాయి: మూడు ఊదావి, ఒకటి గులాబీది. మొదటి వారం వెలిగించింది సగానికి కరిగింది, రెండోది దానికంటే కాస్త పొడుగుంది. పదేళ్ల పిల్ల ఒకతె మునివేళ్ల మీద నిలబడి గులాబీ కొవ్వొత్తి వెలిగించింది. ఒత్తి అంటుకోగానే వెనక్కి తిరిగి వాళ్లమ్మను వెతుక్కుంది.

ఈ వలయానికి మూలం జర్మనీలో ఉంది. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ విహెర్న్ అనే పాస్టరు తన దగ్గర పెరిగే పేదపిల్లలు పండగకు ఇంకెన్నాళ్లుందని రోజూ అడుగుతుంటే, ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించారు. ప్రొటెస్టెంటు పాస్టరు పిల్లలకోసం చేసిన ఆ ఏర్పాటు ఇప్పుడు కథోలిక చర్చిల్లోనూ మామూలైపోయింది.

ఆగమనకాలంలో నాలుగు ఆదివారాలుంటాయి. ఆ రోజుల్లో పూజ ఊదారంగు వస్త్రాలతో సాగుతుంది. ఆదివారాల్లో పాడే మహిమ గీతాన్ని కూడా ఆపుతారు. పాపాలు ఒప్పుకుని మనసు సరిచేసుకోవాల్సిన కాలమిది. గులాబీరంగు వేసుకునే మూడో ఆదివారం మాత్రం, ఫిలిప్పీయులకు పౌలు రాసిన లేఖలోంచి సంతోషించమనే పిలుపుతో పూజ మొదలవుతుంది. ఆ లేఖ రాసేటప్పటికి పౌలు చెరలో ఉన్నాడు.

ఆరోజు సువార్త పఠనం మత్తయి పదకొండో అధ్యాయం. అక్కడా జైలే. హేరోదు బంధించిన స్నాపక యోహాను, రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరికోసం చూడాలా అని శిష్యులచేత యేసును అడిగిస్తాడు. జనాన్ని సిద్ధం చేసినవాడికే సందేహం వచ్చింది. యేసు విసుక్కోలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, పేదలకు శుభవార్త అందుతోంది, చూసింది చూసినట్టు వెళ్లి చెప్పండన్నాడు. యోహాను మాత్రం బయటికి రాలేదు, ఆ చెరలోనే చనిపోయాడు.

ఫాదర్‌గారు ప్రసంగంలో ఈ ఇద్దరు ఖైదీలనే పక్కపక్కన నిలబెట్టారు. కష్టం తీరాక వచ్చే సంతోషం అందరికీ తెలిసిందే, కష్టం తీరకముందే దేవుడిచ్చే సంతోషాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి, అందుకే చర్చి ఈ ఆదివారాన్ని క్రిస్మస్ తర్వాత కాకుండా ముందు పెట్టింది అన్నారు. నన్ను ఆ మాట బాగా పట్టుకుంది.

యాకోబు లేఖలోంచి చదివిన రెండో పఠనం అనకాపల్లి కోసమే రాసినట్టుంది. తొలకరికీ కడవరి వానకీ ఓపిగ్గా కాచుకునే రైతును చూసి నేర్చుకోమంటుందది. ఆ మాట వింటున్నవాళ్లలో చెరకు రైతులున్నారు. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. బెల్లం మార్కెట్టుకు ఇంకా పేరుంది కానీ, చెరకు వదిలి వేరే పంటలకు మళ్లినవాళ్లూ ఉన్నారు.

పూజ అయ్యాక ఆవరణలో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. వాళ్లకు ఎకరం చెరకు ఉందట. యాకోబు మాట గురించి అడిగాను.

"ఏడాది పంట బాబూ. నాటిన కాడి నుంచి కాసుకోడవే. అలాగని ఏడుస్తా కాస్తావేటి? చేను పచ్చగుంటే దాన్ని చూసే కడుపు నిండిపోద్ది. ధర సంగతి తరవాత" అందావిడ.

కొడుకు విశాఖలో పనిలో ఉన్నాడనీ, పండక్కి సెలవు దొరుకుతుందో లేదో తెలీదనీ చెప్పింది. అయినా వాడికని అరిసెల బియ్యం వేరే పెట్టింది.

ఈ విశాఖ తీరంలో క్రైస్తవం వేళ్లూనిన కథ కూడా ఇలాంటి ఎదురుచూపే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సెరంపూర్‌లో అచ్చయింది 1812లో. తమ చేతిరాత పుస్తకంగా మారడాన్ని ఇద్దరూ చూడలేదు. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కథోలిక గురువులు యూరప్‌లోని అన్నెసీ నుంచి విశాఖ చేరారు. విత్తినవాళ్లు ఒకరు, కోసినవాళ్లు ఇంకొకరు.

మధ్యాహ్నం ఉపదేశిగారి వెంట మంచం పట్టిన ఒక తాతగారి ఇంటికి వెళ్లాను. ఫాదర్‌గారు దివ్యసత్ప్రసాదం తెచ్చారు. మాతో వచ్చిన కుర్రాళ్లు గంజిర వాయిస్తూ పాట అందుకున్నారు. తాతగారికి మాట సరిగా రాదు. చరణాలు వదిలేసినా పల్లవి వచ్చినప్పుడల్లా పెదవులు కదిపారు. ఆయన కోడలు మా అందరికీ టీ పెట్టింది. గర్భవతిగా ఉన్న మరియమ్మ కొండసీమకు నడిచి ఎలిజబెత్తమ్మ గడప తొక్కిన కథ కూడా ఈ కాలంలోనే చదువుతారు. ఇంకొకరి ఇంటికి వెళ్లడంలో ఎంత ఆనందం ఉందో ఆ గదిలో చూశాను.

డిసెంబరు రాగానే మనం నక్షత్రాలు కట్టేస్తాం, కేకులు కోసేస్తాం. పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ సందడిని తప్పు పట్టను, అదీ సంతోషమే. కానీ ఆగమనకాలం ఇచ్చే ఆనందానికి పండగతో పనిలేదు. జవాబు రాని ప్రార్థన, ధర తేలని పంట, వస్తాడో రాడో తెలియని కొడుకు ఉన్న ఇంట్లోనే అది మొదలవుతుంది. ఆ ఆదివారం నాటికి క్రిస్మస్‌కు ఇంకా పదకొండు రోజులున్నాయి. పాట ఆశించే ముసలివాళ్లు, పలకరింపు అందని ఇళ్లు మన వీధిలోనే ఉన్నాయి. ఆ ఇళ్లకు వెళ్లడానికి ఆ పదకొండు రోజులూ చాలు.