భూమి కంపించిన వేళ

2025వ సంవత్సరము మే నెల 5వ తేదీ సాయంకాలమున ఉత్తర తెలంగాణములో భూమి కంపించెను. ఆ కంపము కొన్ని క్షణములు మాత్రమే నిలిచెను; దాని పరిమాణము 4 కంటె తక్కువ. అయినను జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో జనులు భయపడి ఇండ్ల వెలుపలికి వచ్చిరి. గోదావరి చెంతనున్న బీర్పూరు మొదలగు గ్రామములవారికి అట్టి వేళ తోచు ప్రశ్న ఒక్కటే: "ఇది ఇంతటితో ఆగునా?"

కొన్నిచోట్ల ఆగదు. పెద్ద కంపమేదియు లేకయే చిన్న కంపములు దినముల తరబడి వరుసగా వచ్చుచుండును. వీనిని భూకంపముల గుంపు అందురు. 2020 అక్టోబరులో హైదరాబాదులోని బోరబండ వాసులు నేల అడుగునుండి వచ్చు శబ్దములు విని, రాత్రివేళ ఇండ్లు విడిచిరి. అవి మిక్కిలి చిన్న కంపములని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తెలిపిరి. వాననీరు రాతి పగుళ్ళలోనికి ఇంకినపుడు ఇట్టివి కలుగుట కద్దు.

అగ్నిపర్వతములున్న దేశములలో కరగిన శిల భూగర్భమున కదలుటచేతను ఇట్టి గుంపులు పుట్టును. అందుచే అవి మహావిస్ఫోటనమునకు సూచనలని కొందరు భయపడుదురు. కాని అమెరికాలోని ఎల్లోస్టోన్ మహాగ్నిపర్వత ప్రాంతమున ఏటేట 1,500 మొదలు 2,500 వరకు కంపములు నమోదగుచున్నను, అచ్చట కడపటి మహావిస్ఫోటనము జరిగి సుమారు 6,40,000 ఏండ్లయినది. తెలంగాణములోనో సజీవమైన అగ్నిపర్వతమే లేదు.

అట్లని మహావిస్ఫోటనము కట్టుకథ కాదు. దాని గురుతు తెలుగు నేలయందే కలదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. గాలి మోసికొని వచ్చిన దాని బూడిద నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమున నేటికిని పొరగా నిలిచియున్నది. ఆ పొర క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరకెను. వాని తీరు ఇంచుమించు ఒక్కటే. అంతటి విపత్తు తరువాతను అచ్చట మనుష్యులు జీవించిరని పరిశోధకులు 2007లో ప్రకటించిరి.

మనకు సమీపమున నున్న ముప్పు వేరు. 1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువన మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున 6.2 పరిమాణముగల భూకంపమునకు దాదాపు 10,000 మంది మరణించిరి. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రించుచున్నవారిపై కూలుటయే అందులకు ముఖ్య కారణము.

అగ్నిపర్వతమును ఆపుట మనుష్యుని వశము కాదు. గోడను గట్టిగా కట్టుకొనుట అతని వశమే. కంపము ఏనాడు వచ్చునో ముందుగా చెప్పగలవారు లేరు. కావున ఇల్లు కట్టునాడే దానిని తలచుకొనుట వివేకము.