నాన్న నలుపు

మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, 2010 జనవరి 30న 'మాయాబజార్' రంగుల్లో విడుదలైంది. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మకి హైదరాబాదులోనే రంగులద్దేరు. మా వీధి వీధంతా ఎగబడి చూసేం. నాన్నగారిని కూడా బతిమాలి తీసుకెళ్ళేను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఒక్కమాట అన్నారు. "బాగుందిరా. కానీ మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలని రంగుల్లో అనుకుని తీయలేదు కదా!" అంతే. మరి మాట్లాడలేదు.

ఆయనకి నలుపంటే అంత పట్టింపు. ఉండదూ మరి! తెనాలిలో ముప్ఫై అయిదేళ్ళు ఫొటో స్టూడియో నడిపేరు. పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్టు ఫొటోలూ పొట్ట కోసం. నాటకాల వాళ్ళ ఫొటోలు మాత్రం ప్రాణం కోసం. మా ఊళ్ళో నాటకాలకి కొదవేమిటి చెప్పండి? రాత్రంతా పద్యాలు పాడి, తెల్లారగట్ల మేకప్పు తుడుచుకోకుండానే మా స్టూడియోకి వచ్చేసేవారు. అర్జునుడు మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. సత్యభామ వేషం కట్టినాయన జడ కప్పులో పడకుండా చేత్తో పట్టుకుని కాఫీ తాగేవాడు. కృష్ణుడొస్తే నాన్నగారికి పని. నలుపు తెలుపు ఫిల్ములో నీలం మేకప్పు పాలిపోయి పడుతుంది. లెన్సుకి పసుపు ఫిల్టరు తగిలించి, ఆ నీలాన్ని ముదరబెట్టి తీసేవారు. అందుకే ఆయన కృష్ణుడు ఫొటోలో కూడా నల్లనయ్యే!

2016లో ఓ స్కానరు కొని పాత నెగటివులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేం. అందులోంచి ఇరవై నాలుగు ఏరి, పెద్ద సైజులో ప్రింట్లు వేసి మా ఊళ్ళోనే ప్రదర్శన పెట్టాలని ఆయన కోరిక. ఫొటోషాప్‌లో కూర్చున్నది నేను, పక్కన స్టూలు మీద ఆయన. అప్పుడే కొన్నాను ఆ ప్లగిన్‌ని. పేరెందుకు లెండి!

ప్లగిన్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఫొటోషాప్ హీరో అనుకోండి, ప్లగిన్ కారెక్టర్ ఆర్టిస్టు. సొంతంగా సినిమా నడపలేడు, హీరో పక్కన ఉంటే మాత్రం సీనంతా అతనిదే. అన్నట్టు, ఫొటోషాప్ సగం సినిమావాళ్ళింట్లోనే పుట్టింది సుమండీ! దాన్ని తయారుచేసిన నోల్ సోదరుల్లో జాన్ నోల్ 'స్టార్ వార్స్' వాళ్ళ ట్రిక్కుల కంపెనీ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేసేవాడు. 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' రెండో భాగానికి 2007లో ఆస్కార్ అందుకున్నవాళ్ళలో ఆయనొకడు. 1990లో ఫొటోషాప్ బయటికొచ్చింది. ఆ తర్వాత దానికి తగిలించుకునే ప్లగిన్లు ఎవరెవరో రాశారు. వాటి కాల్షీట్లు కూడా చేతులు మారుతుంటాయి. నిక్ అనే కంపెనీ ప్లగిన్లని 2012లో గూగుల్ కొంది, 2016లో ఊరికే పంచిపెట్టింది, 2017లో డీఎక్స్ఓ అనే ఫ్రెంచి కంపెనీకి అమ్మేసింది. వాడుకునేవాళ్ళ గుండెలు ఆ అయిదేళ్ళూ ఎలా కొట్టుకుని ఉంటాయో నాకు తెలుసు.

సరే, మన కథకొద్దాం. మా ప్లగిన్‌లో ఓ సుఖం ఉంది. ముఖం మీద చుక్క పెట్టి లాగితే ముఖం ఒక్కటే వెలుగుతుంది, కిరీటం జోలికి పోదు. నాన్నగారికి అది పిచ్చి పిచ్చిగా నచ్చింది. "డార్క్‌రూములో చేత్తో వెలుతురు ఆపేవాణ్ణి. ఇదీ అదే!" అనేవారు. నెలరోజులు కుస్తీపట్టి ఆయనకి నచ్చిన నలుపూ, నచ్చిన గ్రెయినూ కుదిర్చేం. ఆ కొలతలన్నీ ఓ పేరుతో దాచమంటే 'నాన్న నలుపు' అని దాచేను. చదివి నవ్వేరు. పదిహేడు ఫొటోలు పూర్తయ్యాయి. 2019లో ఆయన వెళ్ళిపోయేరు. ఏడు మిగిలిపోయాయి.

నేనూ వాటి మొహం చూడలేదు. చూడబుద్ధి కాలేదు. 2022 ఎండాకాలంలో పాత కంప్యూటరు కన్నుమూసేక గానీ తెలివి రాలేదు. అప్పు చేసి కొత్త యాపిల్ కంప్యూటరు కొన్నాను. ఫొటోషాప్ దిగింది. బ్యాకప్పులోంచి ప్లగిన్ తెచ్చి దాని ఫోల్డర్లో పెట్టేను. ఫిల్టర్ మెనూ తెరిస్తే... లేదు! మూసి తెరిచేను. లేదు! పోస్టరు మీద పేరుండి, తెర మీద కనిపించని నటుడి మాదిరి.

షాపు కుర్రాణ్ణి అడిగితే "పాతవి పనిచెయ్యవు సార్, కొత్త వెర్షన్ కొనుక్కోండి" అన్నాడు. కొన్నాను. 'నాన్న నలుపు' దాన్లోకి ఎక్కించేను. ఓ దుర్యోధనుడి ఫొటో చేసి, పాత ప్రింటు పక్కన పెట్టి అమ్మకి చూపించేను, ఏమీ చెప్పకుండా. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఇది మీ నాన్నారిది కాదురా. మసి పూసినట్టుంది" అంది. వాదించడానికి నా దగ్గరేముంది? గ్రెయిన్ లెక్క మార్చేశారు కొత్త వెర్షన్లో.

చివరికి హైదరాబాదులో ఇంజినీరుగా ఉన్న మేనల్లుడికి ఫోన్ చేసేను. "మావయ్యా, నీది ఇంటెల్ కాలం ప్లగిను. 2020 నవంబరు నుంచీ యాపిల్ వాళ్ళు సొంత చిప్పులు పెడుతున్నారు. దాని భాష వేరు" అన్నాడు.

"మరి ఫొటోషాప్ నడుస్తోందిగా?"

"దానికి రెండు భాషలూ వచ్చు. నీ ప్లగిన్‌కి ఒక్కటే వచ్చు. పైగా అది విడిగా నడిచేది కాదు, ఫొటోషాప్ కడుపులో ఉండి నడిచేది. ఒకే కడుపులో రెండు భాషలు కుదరవు. అందుకని ఫొటోషాప్ చేతే పాత భాష మాట్లాడించు."

అంటే డబ్బింగ్ అన్నమాట! పాత భాషని కొత్త చిప్పుకి అనువాదం చేసిపెట్టే డబ్బింగ్ కళాకారుడు కంప్యూటర్లోనే ఉన్నాడు. పేరు రోసెట్టా. చేసిందల్లా ఏమిటంటారా? అప్లికేషన్స్ ఫోల్డర్లో ఫొటోషాప్ బొమ్మ మీద నొక్కి 'గెట్ ఇన్ఫో' తెరిచి, 'ఓపెన్ యూజింగ్ రోసెట్టా' అన్న గడిలో టిక్కు పెట్టడం. ఫొటోషాప్ మూసి మళ్ళీ తెరవడం. అంతే! అయితే ఒక మెలిక. 32 బిట్ల కాలపు సరుకైతే రోసెట్టా కూడా చేతులెత్తేస్తుంది. 2019లో కెటలీనాతోనే వాటికి గేటు మూసేశారు. మాది 64 బిట్లది. బతికిపోయేం.

ఫొటోషాప్ బద్ధకంగా లేచింది. ఫిల్టర్ మెనూ తెరిచేను. అట్టడుగున ఉంది! సీరియల్ నంబరు అడిగింది. నాన్నగారి డైరీ ఆఖరి పేజీలో, పాల లెక్క పక్కనే ఆయన చేతిరాతలో ఉంది. ఒక్కో అంకే చదివి వినిపిస్తుంటే అమ్మ గొంతు వణికింది. నేను విననట్టు ఊరుకున్నాను.

ఆ నెలలోనే నాలుగు ఫొటోలు చేసేను. మళ్ళీ బద్ధకం. ఇంతలో 2025 జూన్‌లో యాపిల్ వాళ్ళు చల్లగా ఓ మాట చెప్పేరు. రోసెట్టా మ్యాక్‌ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంటుందట. ఆపైన కొన్ని పాత ఆటల కోసం కాస్త ముక్క మాత్రం మిగుల్చుతారట. ఇది వాళ్ళకి కొత్తేం కాదు. ఇదే పేరుతో 2006లో ఓ డబ్బింగ్ కళాకారుణ్ణి పెట్టి, 2011లో సాగనంపేరు. మేనల్లుడు వెంటనే ఫోన్ చేసి "మావయ్యా, అప్‌డేట్ అని అడిగితే మాత్రం సరే అనకు" అని హెచ్చరించేడు. కంప్యూటర్ మీద కాగితం అంటించేను: 'అప్‌డేట్ చేయరాదు'. మా ఆవిడ దాని కింద 'ముట్టుకోరాదు' అని రాసింది. వేళాకోళం!

గుండె ఝల్లుమని రెండు ఫొటోలు వారంలో లాగించేశాను. ఒక్కటి మిగిలింది. డైరీలో ప్రతి ఫొటోకీ నాన్నగారు రాసిపెట్టేరు, ముఖానికి ఎంత, కిరీటానికి ఎంత అని. ఈ ఒక్కదానికీ ఏమీ రాయలేదు. అది వేషం కట్టినవాళ్ళది కాదు. పెళ్ళయిన కొత్తలో స్టూడియో పరదా ముందు నిలబెట్టి తీసిన అమ్మ ఫొటో.

మొన్న ఆదివారం అమ్మని పిలిచి ఆ స్టూలు మీదే కూర్చోబెట్టేను. 'నాన్న నలుపు' వేసి, ముఖం మీద చుక్క పెట్టి లాగేను. ముఖం వెలిగింది.

"తగ్గించరా. నేనంత తెల్లగా ఎప్పుడున్నాను?" అంది.

వెనక్కి లాగేను.

"ఇంకొంచెం" అంది.