మేడ్చల్ దారిలో... పెట్రోలూ కరెంటూ!

శనివారం మధ్యాహ్నం సుచిత్ర కూడలి దాటి కొంపల్లి చేరడమంటే సహనానికి పరీక్షే. ముందు ఆర్టీసీ బస్సు, పక్కన ఇసుక లారీ, సందు దొరికితే దూరిపోయే ఆటోలు. అన్నీ గుర్రుమంటుంటే మా బావమరిది కొత్త కారు మాత్రం చప్పుడు లేకుండా ముందుకు పాకుతోంది.

'ఇంజన్ ఆగిపోయిందేమోరా' అన్నాను కంగారుగా.

'ఆగిపోలేదు బావా, అదే ఆపేసుకుంది' అని నవ్వాడు.

అది టయోటా హైరైడర్ హైబ్రిడ్. దీన్ని ప్లగ్గుకు తగిలించి ఛార్జింగ్ చేసే పని లేదు. బ్యాటరీలో పట్టే కరెంటు ముప్పావు యూనిట్టే! అంత చిన్నదానితో ఏం లాభం అనిపిస్తుంది కదూ? కిటుకంతా దాన్ని మాటిమాటికీ నింపి, ఖాళీ చేయడంలోనే ఉంది. పెట్రోలు ఇంజన్‌కు ఆగి ఆగి కదలడమంటే గిట్టదు, తాగేది ఎక్కువ, లాగేది తక్కువ. మోటారుకేమో మొదటి చుట్టులోనే పూర్తి బలం. అందుకే నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారు, వేగం అందుకున్నాక ఇంజన్, ఓవర్‌టేక్ చేయాలంటే ఇద్దరూ కలిసి. మధ్యలో సూర్యుడి చుట్టూ గ్రహాల్లా అమర్చిన పళ్లచక్రాలు ఇంజన్ బలాన్ని పంచుతాయి. కొంత చక్రాలకు, కొంత జనరేటర్‌కు. బ్రేకు తొక్కితే నడిపించే మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది.

మేడ్చల్ స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే తట్టింది, ఇదేమంత కొత్త సంగతి కాదని. ఈ మన్మాడ్ లైనులో ఏళ్ల తరబడి నడిచిన డీజిల్ ఇంజన్లదీ ఇదే వరస. డీజిల్‌తో కరెంటు పుట్టించి, దాంతో మోటార్లు తిప్పేవి. కాకపోతే మోటార్లతో బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును దాచుకునే బ్యాటరీ లేక, వేడిగా మార్చి గాల్లోకి వదిలేసేవి. ఆ వృథానే కారు ఒడిసిపట్టింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా వచ్చిన ఎంఎంటీఎస్ రైళ్లకైతే డీజిల్‌తోనే పని లేదు.

వెనక్కి కండ్లకోయ వచ్చి ఔటర్ రింగు రోడ్డెక్కాం. శామీర్‌పేట దాకా ఖాళీ దారి. కారు హాయిగా దూసుకెళ్లింది కానీ, మీటరులో మైలేజీ కొంపల్లి జామ్‌లో కన్నా తగ్గింది! బ్రేకు పడితేగా కరెంటు పుట్టేది? వంద దాటిన వేగంలో గాలిని చీల్చే బరువంతా ఇంజన్ మీదే. మామూలు కార్లకు ఊళ్లో తక్కువ, హైవే మీద ఎక్కువ. దీనిది తిరగేసిన లెక్క.

శామీర్‌పేట చెరువు కట్ట పక్కన ఆపి, కాల్చిన మొక్కజొన్న కంకులు కొనుక్కున్నాం. 'మరి నువ్వెప్పుడు కొంటున్నావు బావా?' అన్నాడు. వాడు రోజూ రెండు పూటలా సుచిత్ర మీదుగా మేడ్చల్‌లో ఫ్యాక్టరీకి వెళ్లొస్తాడు. పైన పెట్టిన డబ్బు ఆ జామ్‌లోనే తిరిగొస్తుంది. నేను నెలకోసారి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వెళ్లొచ్చేవాణ్ని. ఆ డబ్బు నాకు తిరిగి రావాలంటే చాలా ఏళ్లే పడుతుంది.

'మా ఆఫీసు కొంపల్లికి మారనీ, చూద్దాం' అన్నాను.