నాన్న సిస్టమ్, నా జీటీఏ

మా ఇంట్లో కంప్యూటర్‌ని ఎవరూ కంప్యూటర్ అనరు, "సిస్టమ్" అంటారు. 2009లో కొన్నది. పెంటియం డ్యుయల్ కోర్ ఇ5200, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, గిగాబైట్ జీ31 బోర్డు. ఖమ్మంలో మా ముందుగదిలో కిటికీ పక్కన, అమ్మ పాత చీరతో కుట్టిన కవర్ కప్పుకుని ఉంటుంది. నాన్న పగలు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి, రాత్రిళ్లు ఇంట్లో డీటీపీ చేస్తారు. శుభలేఖలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, ఎప్పుడైనా ఓ పుస్తకం. పేజ్‌మేకర్, అను ఫాంట్స్, విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే సపోర్ట్ ఆపేసింది. మా ఇంట్లో మాత్రం ఆపలేదు. నాన్న దగ్గరున్న పాత అను అందులో బాగా నడుస్తోంది, నడుస్తున్నదాన్ని కదపకూడదన్నది ఆయన సిద్ధాంతం.

కదిపింది నేను.

2016 వేసవి. ఇంటర్ అయిపోయింది, ఎంసెట్ రాసేశా. ఫ్రెండ్స్ అందరూ జీటీఏ 5 గురించే మాట్లాడుకుంటున్నారు. అది కనీసం కోర్ 2 క్వాడ్, 4 జీబీ ర్యామ్ అడుగుతుంది, ఎక్స్‌పీలో అసలు ఎక్కదు. కాబట్టి దాని మీద ఆశ వదిలేసి జీటీఏ 4 మీద పడ్డా. 2008లో వచ్చిన ఆట, మా సిస్టమ్ వయసుదే, నడవాలి కదా అనుకున్నా. బోర్డులోని ఇంటెల్ గ్రాఫిక్స్‌తో ఆట అసలు మొదలే కాలేదు.

హైదరాబాద్ మామయ్యగారింటికి వెళ్లినప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి, వెళ్లా. సెకండ్ హ్యాండ్ 9600 జీటీ కార్డు, 1,400 రూపాయలు. పండగలకి చుట్టాలిచ్చిన డబ్బులు అన్నీ అక్కడే. ర్యామ్ కూడా పెంచుదామనుకున్నా గానీ, పాతదైన డీడీఆర్2 కొత్తదైన డీడీఆర్3 కంటే ఖరీదు చెప్పారు. పాత బండికి స్పేర్ పార్టులు దొరకనట్టే ఇదీను. కార్డుకి ఆరు పిన్నుల పవర్ కావాలి, మా లోకల్ ఎస్ఎంపీఎస్‌లో అది లేదు, కన్వర్టర్ వైరు తగిలించా. ఆ ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని రాసి ఉంటుంది. అది నిజమని నమ్మేంత అమాయకుణ్ణి అప్పుడు కూడా కాదు, కానీ నమ్మినట్టు నటించా.

ఆట నడిచింది. సెకనుకి 18 ఫ్రేములు. ఊళ్లో జనం ఎక్కువున్న చోటికి కారు తీసుకెళ్తే అదీ పడిపోయేది. ఇప్పుడు అడ్డం పడుతున్నది కార్డు కాదు, ప్రాసెసర్. మార్చడానికి డబ్బుల్లేవు. డబ్బులు అవసరం లేని దారి ఒక్కటే ఉంది, ఓవర్‌క్లాకింగ్.

లెక్క చాలా తేలిక, అదే ప్రమాదం. ఇ5200 మల్టిప్లయర్ 12.5. బోర్డు ఇచ్చే బస్ క్లాక్ 200 మెగాహెర్ట్జ్. రెండూ గుణిస్తే 2.5 గిగాహెర్ట్జ్. 12.5 కంటే పైకి వెళ్లనివ్వరు కాబట్టి ఆ 200నే పెంచాలి. బయోస్ తెర మీద కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే దాచిపెట్టిన ఆప్షన్లు బయటపడతాయి. ఆ రెండు కీలు నొక్కిన రాత్రి నాకు కలిగిన ఆనందం ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు కూడా కలగలేదు (ర్యాంకు కూడా అలాంటిదే అనుకోండి).

ముందు వేడి సంగతి చూడాలి. ఖమ్మం మే నెల ఎలా ఉంటుందో మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. కూలర్ విప్పితే పాత పేస్ట్ గోడ సున్నంలా పెచ్చులూడింది. రెక్కల మధ్య ఏడేళ్ల దుమ్ము దూదిలా పేరుకుపోయింది. శుభ్రం చేసి, కొత్త పేస్ట్ రాసి, నాలుగు పిన్నులూ నొక్కా. మూడే టక్‌మన్నాయి. ఆ నాలుగోది తెలియక ఆన్ చేస్తే కాసేపటికి దానంతటదే ఆగిపోయింది. అమ్మ వంటింట్లోంచి "కరెంటు పోయిందా?" అని అడిగింది. "ఆఁ" అన్నా.

తర్వాత 266 పెట్టా, తెర నల్లగా ఉండిపోయింది. బోర్డు మీద బ్యాటరీ తీసి పెడితే మళ్లీ మామూలైంది. 233 పెట్టా. బూట్ అయింది! 2.91 గిగాహెర్ట్జ్. ఆట 18 నుంచి 23కి వచ్చింది. ఐదు ఫ్రేముల కోసమా ఇదంతా అనకండి, ఆడినవాడికి తెలుస్తుంది.

నేను చూడని సంగతి ఒకటుంది. ఆ బస్ క్లాక్ మీద ప్రాసెసర్ ఒక్కటే కాదు, ర్యామ్ కూడా ఆధారపడుతుంది. దానికి వేరే మల్టిప్లయర్. నేను దాన్ని ఆటోలో వదిలేశా, అది 4 దగ్గరే ఉండిపోయింది. 200ని 4తో గుణిస్తే 800, మా ర్యామ్ మీద రాసి ఉన్న వేగం అదే. 233ని 4తో గుణిస్తే 932. అంటే ప్రాసెసర్‌ని పరిగెత్తిద్దామని ర్యామ్‌ని దాని శక్తికి మించి పరిగెత్తించా. 266 దగ్గర అది మొరాయించింది, మంచిదే. 233 దగ్గర మొరాయించలేదు. పని చేస్తున్నట్టే ఉంటూ, ఎక్కడో ఒక బిట్‌ని తప్పుగా గుర్తుపెట్టుకునేది. ఆటలో అది కనపడదు. డిస్క్‌లోకి వెళ్లే ప్రతి ఫైలూ మాత్రం ముందు ర్యామ్‌లోంచే వెళ్తుంది.

ఆ రోజుల్లో నాన్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పుస్తకం చేస్తున్నారు. తన ఊరి గురించి, పనిచేసిన బడుల గురించి ఆయన చేత్తో రాసుకున్న జ్ఞాపకాలు, 186 పేజీలు. వాళ్లావిడ సంవత్సరీకం రోజున పంచాలని ఆయన కోరిక. వారానికి రెండుసార్లు సైకిల్ మీద వచ్చి, నాన్న పక్కన స్టూల్ మీద కూర్చుని, తెర మీద తన అక్షరాలు చూసుకుని వెళ్లేవారు. నాలుగు నెలల పని.

ఓవర్‌క్లాక్ చేసిన పదో రోజో పన్నెండో రోజో రాత్రి ఫైలు తెరుచుకోలేదు. నాన్న రోజూ పని అయ్యాక పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకుంటారు, పాతదాని మీదే. అదీ తెరుచుకోలేదు. చెడిపోయిన ఫైలే మంచి ఫైలు మీద కూర్చుంది. ప్రూఫ్ కోసం ప్రెస్సుకి తీసుకెళ్లిన మొదటి 112 పేజీలు అక్కడి సిస్టమ్‌లో ఉన్నాయి. మిగతా 74 పోయాయి.

నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు. వైరస్ అయ్యుంటుంది అన్నారు. నేను మెమ్‌టెస్ట్ సీడీ రాసుకుని, అందరూ పడుకున్నాక నడిపా. పది నిమిషాల్లో తెర నిండా ఎర్ర గీతలు. 200కి దించి తెల్లారేదాకా నడిపా, ఒక్క గీత లేదు. మళ్లీ 233 పెట్టి చూశా. మళ్లీ ఎరుపే. ఎందుకు రెండోసారి చూశానంటే, కారణం ఇంకేదైనా అయితే బాగుండునని.

చెప్పలేదు. 200కే వదిలేసి, ఆట డిలీట్ చేసి ఊరుకున్నా. మూడో రోజు అన్నం తింటుంటే నాన్న అమ్మతో, "సిస్టమ్ పనైపోయింది. ఈ నెల చీటీ పాడేద్దాం, ఓ పాతిక వేలు పెట్టి కొత్తది తీసుకుందాం" అన్నారు. అది నా కాలేజీ ఖర్చులకని వేసిన చీటీ. ముందే పాడితే ఎంత పోతుందో అమ్మ అక్కడే లెక్కలేస్తోంది. నాకు ముద్ద దిగలేదు.

"సిస్టమ్ బానే ఉంది నాన్నా. నేనే దాన్ని..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశా. 233, మల్టిప్లయర్, ఎర్ర గీతలు. అమ్మకి అర్థమైంది ఆట కోసం అన్న ఒక్క ముక్కే, అది చాలింది ఆమెకి. నాన్న మాత్రం చివరిదాకా విని, "అంటే కొత్తది కొనక్కర్లేదా?" అన్నారు.

"అక్కర్లేదు."

చేయి కడుక్కుని వచ్చాక అన్నారు: "మాస్టారికి నువ్వే చెప్పు. ఆ డెబ్బై నాలుగూ నువ్వే కొట్టు."

మాస్టారికి చెప్పడం నాన్నకి చెప్పడం కన్నా కష్టమైంది. ఆయన తిట్టలేదు, సంవత్సరీకం తేదీ ఇంకోసారి చెప్పి సైకిల్ స్టాండ్ తీశారు. నాకప్పటికి తెలుగు టైపింగ్ రాదు. నాన్న వాడేది యాపిల్ కీబోర్డు, ఏ అక్షరం ఏ కీలో ఉందో చూసుకోడానికి ఒక జిరాక్స్ చార్టు ఇచ్చారు. మొదటి రోజు పేజీన్నర. ఒత్తులు ఒక చోట, గుణింతాలు ఒక చోట. వారానికి రోజుకి నాలుగు పేజీలు. 22 రోజులు పట్టింది. చదవకుండా కొట్టలేం కదా, అలా మాస్టారి పుస్తకంలో చివరి 74 పేజీలు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. మొదటి 112 నేను ఇంతవరకూ చదవలేదు.

పుస్తకం తేదీకి నాలుగు రోజుల ముందు ప్రెస్సు నుంచి వచ్చింది.

అదయ్యాక నేను సరైన లెక్క వేశా. 266 పెట్టి, ర్యామ్ మల్టిప్లయర్ 3కి దించితే మళ్లీ 800 లోపే. ప్రాసెసర్ 3.33. ఈసారి నాన్నకి చెప్పి, ఆయన ముందే పెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపా. పొద్దున్నే ఒక్క ఎర్ర గీత లేని తెర చూపించా.

"పేజ్‌మేకర్ తొందరగా తెరుచుకుంటుందా?"

"ఒక సెకను తేడా ఉండొచ్చు."

"అయితే వద్దులే."

తీసేశా. సిస్టమ్ ఇప్పటికీ 2.5 దగ్గరే ఉంది. 9600 జీటీ మాత్రం అందులోనే ఉంది, దానితో నాన్న శుభలేఖలు చేస్తున్నారు. టేబుల్ సొరుగులో ఇప్పుడు రెండు పెన్‌డ్రైవులుంటాయి. ఒకదాని మీద మార్కర్‌తో "సరి", ఇంకోదాని మీద "బేసి" అని రాశారు. తేదీని బట్టి ఏది పెట్టాలో అది పెడతారు.