మంచులో రెండు పాఠాలు

కాలేజీలో చదివిన పాఠం ఎప్పుడు ఎక్కడ పనికొస్తుందో ఆ సరస్వతీదేవికైనా తెలుసో లేదో! బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం. ఆ భాగహారం నా కాళ్ళకు అర్థమైంది మాత్రం 2018 ఫిబ్రవరిలో, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో.

సియాటిల్‌కు తూర్పున సుమారు 80 మైళ్ళ దూరంలో, కాస్కేడ్ పర్వతాల్లో స్టీవెన్స్ పాస్ అనే కనుమ ఉంది. ఎత్తు 4,061 అడుగులు. రోడ్డుకు దక్షిణాన స్కీ రిసార్టు, లిఫ్టులు, రంగురంగుల కోట్లు, తిరునాళ్ళ సందడి. ఉత్తరాన, ఆ గోలేమీ పట్టనట్టు, ఒక దారి అడవిలోకి ఎక్కుతుంది. ఒకటిన్నర మైలు పైకి పోతే స్కైలైన్ లేక్. స్కీయింగ్ రాని మాబోటివాళ్ళకు అదే గతి. నేనూ, ఈ కాలేజీలోనే నా పక్క బెంచీవాడూ బయల్దేరాం.

ఉత్త బూట్లతో అడుగేస్తే తొడదాకా దిగబడే మంచు. అవే బూట్లకు స్నోషూలు కట్టుకుంటే చీలమండ దాటలేదు. మనిషి బరువు తగ్గలేదు; ఆ బరువు పరుచుకునే చోటు పెరిగింది, అంతే. ఒంటె పాదం ఎందుకు వెడల్పో చెప్పిన మా ఫిజిక్సు మాస్టారు జ్ఞాపకమొచ్చారు. కాకపోతే కాళ్ళు ఎడంగా వెయ్యాలి, లేకుంటే ఒక స్నోషూని రెండోది తొక్కుతుంది. చెట్ల మొదళ్ళ దగ్గరికి పోకూడదు. కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి మనిషిని మింగేస్తుంది.

మురిసిపోవడానికి మాత్రమే ఉన్న చోటు కాదది. ఆ కనుమకు పడమట కొద్ది మైళ్ళలోనే వెల్లింగ్టన్ అనే రైల్వే ఊరుండేది. 1910 మార్చి 1న, మంచు తుఫానులో రోజుల తరబడి చిక్కుకుపోయిన రెండు రైళ్ళను కొండ మీంచి జారిన మంచు చరియ లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అందుకే అక్కడ కొండెక్కేవాళ్ళు ఆనాటి చరియల హెచ్చరిక చూసుకునే గడప దాటుతారు. మేమూ చూసుకున్నాం.

రెండు గంటలకు పైకి చేరాం. చుట్టూ చెట్లు, మధ్యలో బల్లపరుపుగా తెల్లటి మైదానం.

"చెరువేదిరా?" అన్నాడు మావాడు.

"నీ ఎదురుగా ఉన్నదే."

"అయితే అడ్డంగా నడిచి అవతలికి పోదాం పద. ఇంత చలికి గడ్డకట్టకుండా ఉంటుందా? ఎవరివో అడుగులు కూడా ఉన్నాయి చూడు!"

అదీ రెండో పాఠం. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అత్యంత సాంద్రం. అంతకన్నా చల్లబడ్డ నీరు పైనే ఉండి గడ్డకడుతుంది; అడుగున నీరు నీరుగానే ఉంటుంది. పైన మంచు దుప్పటి కప్పిందా, చలి కిందికి దిగదు, ఐసు మందమెక్కదు. ఆ దుప్పటి కింద ఉన్నది అడుగు మందమో, అంగుళం మందమో కంటికి తెలిసే దారి లేదు.

"ఆ అడుగులు వాళ్ళ బరువువి, నీవి కావు. మీ ఆవిడకు జవాబు చెప్పాల్సింది నేను" అన్నాను. కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత గట్టునే కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం.

ఆ ఐసు ఆ రోజు ఏనుగునైనా మోసేదో, కుందేలుకే విరిగేదో ఈనాటికీ మాకు తెలియదు. తెలియకుండానే క్షేమంగా కొండ దిగాం. సూత్రాలు బట్టీ పట్టే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పట్టండి, తప్పు లేదు. ఎప్పుడో ఒకనాడు అవి మిమ్మల్ని ఒకచోట నడిపిస్తాయి, ఇంకోచోట ఆపుతాయి. రెండు మాటలూ వినండి.