శక్కర్‌నగర్ చిమ్నీల నీడలో

ఉర్దూలో చక్కెరను షక్కర్ అంటాము. ఆ మాటనే పేరుగా ధరించిన ఊరు నిజామాబాద్ జిల్లాలో ఉన్నది. అది బోధన్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్. ఇక్కడ ఊరి కోసం కర్మాగారం రాలేదు, కర్మాగారం కోసమే ఊరు వెలసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర మిల్లుగా పేరు పొందింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఆ ఊరిని పిల్లలకు చూపించాలని మేము రెండు కుటుంబాల వారము నిజామాబాద్ నుండి బయలుదేరాము.

జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. చెరకు సీమకు వెళ్తున్నామని విన్న పిల్లలు కారు కిటికీలకు అతుక్కుపోయారు. దారి పొడవునా వారికి కనిపించింది వరి. ‘చెరకు తోటలెక్కడ?’ అని వారు అడిగినదానికి సమాధానం చెప్పాలంటే ముందు నీటి గురించి చెప్పాలి.

గోదావరికి ఉపనది అయిన మంజీరా మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నది. మన ఇళ్ళలో నవాబుల పేర్లు బిర్యానీ సందర్భంలోనే ఎక్కువగా వినిపిస్తాయి. ఈ నవాబు పేరు మాత్రం కాలువ గట్ల మీద గుర్తు చేసుకోవలసినది. నీరు వచ్చింది. ఆ నీటిని నమ్మి కోస్తా జిల్లాల నుండి రైతులు తరలివచ్చి బోధన్, వర్ని పరిసరాలలో స్థిరపడ్డారు. వారు దిగిన చోట్లను ఇప్పటికీ జనం ‘క్యాంపు’ అనే పిలుస్తారు. కాలువల వెంట చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం మిల్లు లేచింది.

చెరకు ఎంతో ఓపిక లేని పంట. నరికిన గడలో తీపి గంటగంటకూ తగ్గిపోతుంది. ఒక రోజు లోపల రోలర్ల కిందికి చేరితేనే రైతుకూ మిల్లుకూ లాభం. అందువలన మిల్లు పొలాల మధ్యనే ఉండాలి, పొలాలు మిల్లు చుట్టూనే ఉండాలి. కాటా మీద తూకం అయిన గడలను పిండి రసం తీస్తారు. సున్నమూ గంధకపు పొగా పట్టి దానిని తేటపరుస్తారు, కాచి చిక్కబరుస్తారు, గిర్రున తిరిగే యంత్రాలలో వేసి పలుకులనూ మడ్డినీ వేరు చేస్తారు. మిగిలిన పిప్పి మళ్ళీ బాయిలర్‌లోకే పోతుంది. అంటే చెరకును పిండడానికి కావలసిన ఆవిరిని చెరకే ఇస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లలు పడిన ఆశ్చర్యం ఏ మ్యూజియంలోనూ పడి ఉండరు. మిల్లు ఆగిన తరువాత రైతు వరికి మళ్ళడంలో వింత ఏమీ లేదు.

గేటు దగ్గర మేము ఆగిపోయాము. లోపల పొడవైన రేకుల షెడ్లు, పైన పొగ లేని చిమ్నీలు కనిపించాయి. పక్క వీధిలో టీ కొట్టు ముందు కూర్చున్న ఒక వృద్ధుడు సలాముకు బదులిచ్చి, మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆయన మిల్లులో పనిచేసి విశ్రాంతి పొందినవారు. సీజన్ మొదలైతే ఊరంతా పాకం వాసన వచ్చేదని చెప్పారు. ‘చాచా, దీనిని బాగుచేసి మ్యూజియంగా మారిస్తే బాగుంటుంది కదా’ అన్నాము. ఆయన గ్లాసు కింద పెట్టి, ‘బేటా, ఇది చూపెట్టనీకి కట్టిన్రా, నడిపించనీకి కట్టిన్రా?’ అని అడిగారు.

మా ఆలోచన ఊరికే పుట్టినది కాదు. పని ఆగిన గనులనూ మిల్లులనూ బాగుచేసి ప్రజలకు చూపించే పద్ధతి ప్రపంచంలో స్థిరపడింది. పోలెండ్‌లోని వీలిచ్కా ఉప్పు గని 1978లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. జర్మనీలోని జోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడి, 2001లో అదే జాబితాకెక్కింది. మనకు మరింత దగ్గరి ఉదాహరణ మారిషస్‌ది. అక్కడ బో ప్లాన్ అనే చోట చక్కెర మిల్లు 1999లో ఆగిపోతే, 2002లో దానిని ప్రదర్శనశాలగా తెరిచారు. చెరకు తోటలలో చెమటోడ్చిన బానిసల కథనూ, భారతదేశం నుండి వెళ్ళిన ఒప్పంద కూలీల కథనూ అక్కడ దాచలేదు. ఆ కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరుతో వారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. పోర్ట్ లూయిస్‌లో వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ నేడు ప్రపంచ వారసత్వ స్థలం.

అయినా చాచా ప్రశ్న న్యాయమైనదే. 2002లో ఈ సంస్థలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015లో శక్కర్‌నగర్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. బకాయి వేతనాల కోసం కార్మికులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. కూలివాని కూలి విషయంలో దైవప్రవక్త (సల్లం) ఎంత త్వరపడమన్నారో మన మదరసా పిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్క తేలకుండా యంత్రాలకు రంగు వేసి, టికెట్టు పెట్టి చూపించడం మాకు సమ్మతం కాదు. మిల్లును తిరిగి తెరిపించేందుకు 2024లో ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. ఏళ్ళ తరబడి నిలిచిన పాత రోలర్లు మళ్ళీ చెరకు పిండగలవని మేము అనుకోము. కొత్త మిల్లు వస్తే, దాని పక్కన పాత షెడ్డు ఒకదానిని నిలబెట్టి, నీటిని తెచ్చిన ఇంజనీరునూ, పాకం కాచిన కార్మికుణ్ణీ, గడ నరికిన కూలీనీ అందులో ఒకే వరుసలో గుర్తు చేయవచ్చు. వీటిలో ఒకటి మరొకదానికి అడ్డు కాదు.

తిరుగు ప్రయాణంలో అలీసాగర్ దగ్గర ఆగి, తోటలో అసర్ నమాజు చేసుకున్నాము. పిల్లలతో వెళ్ళేవారికి అది మంచి మజిలీ. నిజాంసాగర్ కట్ట ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోకి వస్తుంది. దానికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించుకోవాలి.

బోధన్‌లో బంధువులున్న పాఠకులకు ఒక మనవి. మీ నానా, దాదాలలో ఎవరైనా ఆ మిల్లులో పనిచేసి ఉంటే ఈ సెలవులలో వారి దగ్గర కూర్చోండి. ఏ షిఫ్టులో, ఏ యంత్రం మీద పనిచేశారో, మొదటి జీతం ఎంతో, ఇంటికి ఏమి కొనుక్కొచ్చారో అడిగి, తేదీ వేసి వ్రాసిపెట్టండి. పాత గుర్తింపు కార్డు గానీ జీతం చీటీ గానీ పెట్టెలో కనిపిస్తే పారవేయకండి.