హలీం భట్టీ పొగ, గ్రీన్‌లాండ్ మంచు

పత్తర్‌గట్టి వెనక సందులో ఉంది ఆ భట్టీ. ఇటుకలతో కట్టి మట్టితో మెత్తిన పొయ్యి, అందులో మెడదాకా దిగిన పెద్ద దేగ్. రంజాన్ నెల. ఫజర్ నమాజు అయి ఎంతోసేపు కాలేదు. గోధుమలు, మాంసం అప్పటికే ఉడుకుతున్నాయి. నేను మాత్రం హలీం కోసం రాలేదు, కట్టెల కోసం వచ్చాను. కట్టె మండే తీరు గురించి పొయ్యి ముందు బతుకు గడిపినవాళ్లను మించి చెప్పగలవాళ్లు లేరు.

"ఏం కట్టె చాచా ఇది?"

"తుమ్మ. బాగ ఎండింది. మంట నిలుస్తది, పొగ తక్కువ. పచ్చిది పెడితే కళ్లు పోతయ్ సాబ్."

కాసేపటికి ఆయన రెండు మొద్దులు వెనక్కి లాగాడు. మంట ఎగసినంతసేపూ దేగ్ అడుగున నల్లటి మసి పట్టింది. మంట అణిగి కట్టె రగలడం మొదలవగానే తెల్లటి ఘాటు పొగ లేచింది. ఏనాడో ఆరిపోయిన కార్చిచ్చులను మంచులో వెతికే శాస్త్రజ్ఞులకు ఈ రెండూ ఆధారాలే. మసి ఒక గుర్తు. ఆ తెల్ల పొగలో ఉండే లెవోగ్లూకోసాన్ ఇంకా నికరమైన గుర్తు. కట్టెలో సగానికి దగ్గరగా సెల్యులోజ్ ఉంటుంది. వేడి 300 డిగ్రీలు దాటితే అది విరిగి ఈ చక్కెర జాతి పదార్థం పుడుతుంది. డీజిల్ కాలితే మసి వస్తుంది కానీ ఇది రాదు. కనుక మంచులో ఇది దొరికిందంటే ఎక్కడో చెట్టో గడ్డో కాలిందన్నమాట.

పొగ గాలిలో కొట్టుకుపోయి మంచుతో పాటు కిందికి దిగుతుంది. దాని మీద మరుసటి ఏటి మంచు, దాని మీద ఆ పైఏటిది. లోతుకు తొలిచి కడ్డీలుగా తీసిన ఆ మంచులో పొరలు లెక్కపెట్టి, 1815 నాటి టాంబోరా లాంటి అగ్నిపర్వతాలు వదిలిన గంధకపు జాడలతో సరిచూసి ఏళ్లు నిర్ణయిస్తారు. వాయవ్య గ్రీన్‌లాండ్‌లోని నీమ్ శిబిరంలో 2,500 మీటర్లకు పైగా తవ్వి తీసిన మంచులో రెండు వేల ఏళ్ల లెవోగ్లూకోసాన్‌ను కొలిచి 2014లో ఫలితాలు ప్రకటించారు. అందులో 1500 నుంచి 1700 దాకా ఉత్తరాది అడవుల మంటలు బాగా పెరిగినట్టు కనబడింది. ఆ కాలంలో ఆసియాలో పెద్ద కరువులు పడ్డాయని, మంటలకు అవే కారణమై ఉండవచ్చని ఆ పరిశోధకులు రాశారు. భట్టీ నుంచి నాలుగడుగులు వేస్తే కనిపించే చార్మినార్ కట్టింది 1591లో. ఇక్కడ సున్నం, రాయి లేస్తున్న రోజుల్లో ఎక్కడో ఉత్తరాన తగలబడిన అడవుల లెక్క మంచులో పదిలంగా ఉందంటే నాకు ఒళ్లు జలదరించింది.

అయితే అది మన నల్లమల లెక్క కాదు. లెవోగ్లూకోసాన్ గాలిలో రోజుల తరబడి నిలుస్తుందే తప్ప నెలలు నిలవదు. దక్కన్ పొగ గ్రీన్‌లాండ్ దాకా చేరి అక్కడ లెక్కకెక్కడం కష్టం. మనకు దగ్గర్లో ఉన్నది హిమాలయం. షిషాపాంగ్మా వాలున 7,200 మీటర్ల ఎత్తున ఉన్న దాసువోపు హిమానీనదపు మంచులో శాస్త్రజ్ఞుడు లోనీ థాంప్సన్ బృందం చదివింది మంటల్ని కాదు, దుమ్మునూ క్లోరైడునూ; వానలు తగ్గిన ఏళ్లలో మంచులో అవి పెరుగుతాయి. గడచిన వెయ్యేళ్లలో 1790-96 నాటి అనావృష్టిని మించింది అందులో లేదు. 1791-92లో హైదరాబాద్ రాజ్యంతో సహా దక్కన్ అంతటా శవాలు పూడ్చే దిక్కులేక ఎముకలు తెల్లబారిన పుర్రెల కరువు ఆ అనావృష్టిలోదే. ఎవరెస్ట్ దగ్గరి ఈస్ట్ రోంగ్‌బుక్ మంచులో 1860-1975తో పోలిస్తే 1975 తర్వాత మసి మూడింతలైంది. కానీ అందులో లారీల పొగ ఎంత, పొయ్యిల పొగ ఎంత, అడవిది ఎంత అన్నది మసి ఒక్కటే చెప్పదు.

భట్టీ ముందు కూర్చున్నప్పుడు నన్ను తొలిచింది ఇదే. లెవోగ్లూకోసాన్ కూడా కట్టె కాలిందని చెబుతుంది కానీ, కాలింది అడవిలోనా పొయ్యిలోనా అన్నది చెప్పదు. వానిలిక్, సిరింజిక్ ఆమ్లాల పాళ్లను బట్టి దేవదారు జాతి చెట్లా, వెడల్పాకు చెట్లా అని కొంత ఊహించవచ్చు. ఈ తుమ్మా, నల్లమలలోని అమ్రాబాద్ టేకూ రెండూ వెడల్పాకువే. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల ఆకు రాల్చి అంటుకునే కాలం. ఇప్పపువ్వు ఏరేందుకు చెట్టు కింద పెట్టే చిన్న మంట కొండంతా పాకుతుంది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాలతో ఆ మంటల్ని పట్టి అటవీశాఖకు కబురు పంపుతుంది. ఆ రకం ఉపగ్రహ లెక్కలు నికరంగా మొదలైంది 2000 ప్రాంతంలో. అంతకుముందు మన అడవి ఎన్నేళ్లకోసారి తగలబడేదో తెలియకుండా ఇప్పటి మంటలు ఎక్కువో తక్కువో ఎలా తేల్చగలం?

ఆ జవాబు మన చెరువుల అడుగు బురదలో ఉంటుంది. మధ్యాహ్నం మీరాలం చెరువుకు వెళ్లాను. 1806లో పూర్తయిన కట్ట, ఇరవై ఒక్క కమానులు, గుర్రపుడెక్క కమ్మిన నీళ్లు. మంటలో లేచిన బొగ్గు రవ్వల్లో పెద్దవి దూరం పోలేవు, దగ్గరి నీళ్లలోనే పడతాయి. ఏటేటా దిగే ఒండ్రు వాటిని కప్పుతుంది. మీరాలం బురదలో ఊరి పొయ్యిలే ఎక్కువ పలుకుతాయి. అడవి లెక్క కావాలంటే కాకతీయుల నాటి పాఖాల, రామప్ప లాంటి అడవి ఒడిలోని చెరువులు కావాలి. ఎండి పగిలిన ఏళ్లలో అక్కడ పొరలు చెదిరి ఉండవచ్చు. అయినా ఇంతకంటే దగ్గరి సాక్షి మనకు లేదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో వేల చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. రైతుకు అది మేలే, పూడిక తీయాల్సిందే. అడవి పక్క చెరువులో జేసీబీ దించేముందు మాత్రం ఒక నిలువు గొట్టం దింపి, పొరలు చెదరకుండా అడుగు దాకా బురద తీసి భద్రపరచమని నీటిపారుదల శాఖనూ, విశ్వవిద్యాలయాల భూవిజ్ఞాన శాఖలనూ అడుగుతున్నాను. ఒకసారి పొలంలో కలిసిన బురదను మళ్లీ పొరలుగా పేర్చలేం.